నేలకు చెప్పుకునే మాట

జీపు పొద్దున్నే వచ్చింది, గుంపంతా లేచి తిరుగుతున్న వేళ. ఎవరూ చూడకుండా ఎత్తుకుపోయారని రేపు ఎవరైనా అంటే నమ్మకండి. బీడీలు చుట్టే తునికాకు కోతకు బయల్దేరిన ఆడవాళ్లు చూశారు. దూడల్ని విప్పుతున్న మగవాళ్లు చూశారు. గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటున్న సక్రి ముసలమ్మ వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని చూసింది. అందరికంటే దగ్గర నుంచి చూసింది కన్నమ్మ.

చర్ల దాటాక తారురోడ్డు వదిలి మట్టిబాట పట్టాలి. మట్టిబాట వదిలి వాగు దాటాలి. అప్పుడొస్తుంది నల్లగండి గుంపు. కోయవాళ్ల ఊరు. నొప్పులు పడే ఆడమనిషి కోసం అంబులెన్సు రమ్మంటే దారి లేదంటారు. పోలీసు జీపుకు మాత్రం ఆ లేని దారి ఎప్పుడూ దొరుకుతుంది.

ఊరి వెనక ఏటవాలు మీద వాళ్ల పోడు. తాతల నాటి నుంచి జొన్న, కంది వేసుకుని బతుకుతున్న నేల. నిరుటి వానల్లో సర్కారు మనుషులు వచ్చి, ఇది అడవి అని చెప్పి, మొలిచిన కంది మధ్యలోనే టేకు మొక్కలు నాటిపోయారు. ఈ ఎండాకాలం వచ్చేసరికి ఆ మొక్కలు అక్కడ లేవు. ఎవరు పీకారు? కథ చెప్పే నాకు తెలుసు. చెప్పను. ఎందుకు చెప్పనో పోనుపోను మీకే తెలుస్తుంది.

ఎస్సై జీపు దిగాడు. తుపాకులవాళ్లు అటూ ఇటూ నిలబడ్డారు.

"ఎవడ్రా మొక్కలు పీకింది?"

ఎవరూ తలెత్తలేదు. అప్పుడు బొజ్జయ్య ముందుకొచ్చాడు. కన్నమ్మ పెనిమిటి. గుంపుకు వడ్డె, అంటే పూజారి. బక్కమనిషి, ఎప్పుడూ బీడీ దగ్గు దగ్గుతుండే మనిషి.

"నాదే సారూ. అంతా నాదే," అన్నాడు. అని, వెనక్కి తిరిగి గుంపు వైపు చూశాడు.

ఆ చూపేమిటో ఎస్సైకి తెలియదు. గుంపులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏటా విత్తనాలు చల్లే ముందు భూమి పండగ చేస్తారు. మొదటి గుద్దలి దెబ్బ వడ్డె వేస్తాడు. వేసి, వంగి నేలను ముట్టుకుని, "అమ్మా, నీకు తగిలిన దెబ్బ నాది. పిల్లల మీద కోపం పెట్టుకోకు" అంటాడు. వెంటనే గుంపంతా ఒక్క గొంతుతో "మాది కూడా" అనాలి. ఆ జవాబు రాకపోతే భూమి కోపమంతా వడ్డె ఒక్కడి మీదే పడుతుంది. గుంపు పుట్టిన కాడి నుంచి ఏ వడ్డెనూ అట్లా ఒంటరిగా వదిలింది లేదు.

తప్పెవరిదని ఎవరడిగినా ముందుకొచ్చి నాదే అనడం బొజ్జయ్యకు తెలిసిన మర్యాద. పోలీసు అడిగినా, భూదేవి అడిగినా ఆయనకు ఒకటే జవాబు. అందుకే అలవాటుగా వెనక్కి చూశాడు.

తుపాకులున్నాయి. ఎవరి నోరూ లేవలేదు. కన్నమ్మ నోరు కూడా.

"ఒప్పుకున్నడు. ఎక్కించుండ్రి," అన్నాడు ఎస్సై.

ఎందుకు పట్టుకున్నారో చెప్పలేదు. ఎక్కడికో చెప్పలేదు. కన్నమ్మ జీపు వెనక వాగు దాకా పరిగెత్తింది. నీళ్లు లేని వాగులో ఇసుక మీద కూలబడి, జీపు చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా అక్కడే ఉంది. ఆమె వెంట ఎవరూ రాలేదు.

ఆ రోజు నుంచి కన్నమ్మ ఇంటి ముందు దారి మూగబోయింది. ఆకు కోతకు పోయేవాళ్లు ఇంతకుముందు ఆమెను కేకేసి, ఆగి, తోడు తీసుకుని పోయేవాళ్లు. ఇప్పుడు పెంట దిబ్బ అవతలి నుంచి చుట్టు తిరిగి పోతున్నారు. నిప్పు కోసం రారు. ఉప్పు కోసం రారు. పాపం, వాళ్లు చెడ్డవాళ్లు కాదు, భయపడ్డారు. ఒక ఇంటి మీద జీపు నీడ పడితే ఆ ఇంటికి పోయినవాళ్ల మీద కూడా పడుతుందని ఈ అడవిలో అందరికీ అనుభవమే. అయినా ఒంటరితనం ఒంటరితనమే కదా. మాట్లాడే మనిషి లేక కన్నమ్మ కోళ్లతో మాట్లాడింది. "చూసినవా, మీ అయ్య ఇంక రాలే" అని పుంజుకు చెప్పుకుని ఏడ్చింది.

పోలీసు క్యాంపు తారురోడ్డు పక్కన ఉంది. ముళ్లకంచె, ఇసుక బస్తాలు, ఎత్తున కాపలా గది. కన్నమ్మ పొద్దున పోయి గేటు ఎదుట కూర్చునేది.

"మా ఆయన ఉన్నడా సారూ?"

"ఎవరూ లేరు. పో ఇక్కడ్నించి."

లేడంటే లేచి రావాల్సిందే. కానీ మధ్యాహ్నం పూట, గాలి ఆగినప్పుడు, గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. రెండు చిన్న దగ్గులు, ఆగి, ఒక పెద్ద దగ్గు. పెళ్లైన నాటి నుంచి పక్కన పడుకుని విన్న దగ్గు అది. కన్నమ్మ ఉలిక్కిపడి లేచింది. బతికే ఉన్నాడు! లోపలే ఉన్నాడు, లేడంటున్నారు! ఆ దగ్గు వినడానికి మరునాడు కూడా వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఒక రోజు దగ్గు వినపడలేదు. ఆ రోజు చీకటి పడేదాకా ఆమె గేటు వదల్లేదు.

గేటుకు కొంచెం ఎడంగా దుర్గ టీ కొట్టు. పెనుబల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. కన్నమ్మ గేటు దగ్గర కూర్చున్న మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉంది. ఇక ఉండబట్టలేక గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఏందమ్మే, పొద్దస్తమానం ఎండకి కూర్చుంటే ఆళ్ల మనసు కరుగుద్దా? తాగు. మా తమ్ముణ్ణి కూడా ఒకసారి ఇట్టాగే లోపలేసి లేడన్నారు. భద్రాచలం కోర్టు కాడ కళావతి అని వకీలమ్మ ఉంది. ఆవిడ కాడికి పో. ఏడవటం తర్వాత ఏడుద్దువుగాని, ముందు పో."

కన్నమ్మ పోయింది. ఒక్కతే బస్సెక్కింది, పుట్టి బుద్ధెరిగి ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు.

కళావతి కోర్టు గోడ పక్కన రేకుల కింద కూర్చుంటుంది. మాట కటువు. చూపు నేరుగా ఉంటుంది. కన్నమ్మ చెప్పిందంతా విని, ఒకటే అడిగింది.

"పట్టుకపోయేటప్పుడు ఎందుకు పట్టుకపోతున్నరో చెప్పిన్రా? కాయితం ఏమన్న ఇచ్చిన్రా?"

"లేదమ్మా."

"జడ్జి ముందు నిలబెట్టిన్రా?"

"జడ్జి ఎవరో నాకేం తెలుసు? లేడంటున్నరు. నేను దగ్గు విన్న."

కళావతి పెన్ను కింద పెట్టేసింది. "చూడు కన్నమ్మా. మనిషిని పట్టుకుంటే ఎందుకో చెప్పాలె. ఒక్క రోజు తిరిగేలోపల జడ్జి ముందు నిలబెట్టాలె. వకీలుతోని మాట్లాడనియ్యాలె. తన నోటితో తన మీదనే సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతం చేయొద్దు. గిదంతా వాళ్ల దయ కాదు. రాజ్యాంగంల రాసి ఉన్నది, దొంగకైనా దొరకైనా."

"రాసినోళ్లు మా గుంపు దాకా వచ్చి చెప్పలే గదమ్మా," అంది కన్నమ్మ.

ఈ దేశంలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా ఆ మాటకు సమాధానం దొరకదు. కళావతి కాయితాలు సంచిలో సర్దుకుని, "సరే. నేనొస్త," అంది.

వచ్చింది. కల్లంలో, ఆరబోసిన తునికాకు కట్టల పక్కన, సాయంత్రం ఎండ ఉండగానే అందరూ కూర్చున్నారు. కూర్చున్నారంటే ఇష్టంగా కూర్చున్నారని కాదు. సక్రి ముసలమ్మ ఇంటింటికీ తిరిగి తిట్టి తీసుకొచ్చింది.

రామన్న ముందే లేచాడు. క్యాంపుకు కోళ్లూ మేకలూ తోలే మనిషి.

"ఒక్కడు పోయిండు. బాధనే. మనం కదిలితే అందరం పోతం. ఊకున్నోడికి ఊరుంటది."

"నీకు మేకల బేరం ఉంటది!" దస్రు విరుచుకుపడ్డాడు. కుర్రాడు, బొజ్జయ్యను పెదనాయినా అని పిలిచేవాడు. "గా రోజు పెదనాయిన మన దిక్కు చూసిండు. ఒక్కరం మాది కూడా అనలే. థూ! రేపు అందరం క్యాంపుకు పోదం. మేమే పీకినం, మమ్మల్ని పట్టుకోండ్రని చెప్దం."

కల్లమంతా కదిలింది. అవ్, అవ్, అన్నారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అప్పటిదాకా మోస్తున్న సిగ్గు దించుకునే దారి దొరికినట్టయింది వాళ్లకు.

"ఆగుండ్రి!" కళావతి అరిచింది. "గదే వాళ్లకు కావాల్సింది. ఒక్కడు ఒప్పుకుంటే ఒక కేసు. ఊరంతా ఒప్పుకుంటే ఊరినే ఖాళీ చేయిస్తరు. పోలీసోళ్ల ముందట అన్న మాట కోర్టుల చెల్లదు. అదే మాట జడ్జి ముందట అంటే చెల్లుతది. బొజ్జయ్య జడ్జి కాడ గూడ గిట్లనే నాదే అంటే, నేను కాదు గదా, ఎవరూ ఆయన్ను బయటికి తేలేరు. మీరు నోరు విప్పొద్దు. అడిగేది మాత్రం అడగండ్రి. ఎందుకు పట్టుకున్నరు, ఏడున్నడు. వాళ్లు అడిగితే మాత్రం, మా వకీలమ్మ చెప్తది, గంతే."

సక్రి ముసలమ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది.

"వడ్డె నాదే అన్నప్పుడు నోరు మూసుకునే గుంపు ఏం గుంపు? భయానికి ఒకసారి మూసుకున్నం. ఇప్పుడు తెలివికి మూసుకోమంటున్నవ్. ఆయనకు రెండూ ఒక్క తీర్గనే ఉంటయి గదనే వకీలమ్మా!"

చట్టం తెలిసిన మనిషికి ఈ కష్టం తెలియదు. కల్లంలో గొడవ ముదిరింది. సగం మంది దస్రు వైపు, సగం మంది తల పట్టుకుని.

కన్నమ్మ లేచింది. మీటింగులో ఆమె ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"ఆయన నేలతోని మాట్లాడినట్టే పోలీసోళ్లతోని మాట్లాడిండు. గదే ఆయన చేసిన తప్పు. నేల మన మాట విని కడుపుల దాచుకుంటది. వీళ్లు రాసుకుని మెడకు చుడుతరు. నేలకు చెప్పుకునేది నేలకే చెప్పుకుందం. వీళ్లకు ఒక్క ముక్క చెప్పొద్దు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన నన్ను గూడ తప్పు పట్టుకుంటడు. తెలుసు. పట్టుకోనియ్యి. మనిషి మిగలాలె."

ఒక్కొక్కరే తలూపారు. రామన్న మాత్రం లేచి వెళ్లిపోయాడు.

ఇక మొదలైంది అసలు తమాషా. అడిగితే చెప్పకుండా ఉండడం కోయవాళ్లకు చేతకాదు! దారిన పోయే మనిషి ఎక్కడికని అడిగితే, ఎందుకో, ఎప్పుడొస్తామో కూడా కలిపి చెప్పే జనం. దస్రు కర్ర భుజాన పెట్టుకుని ఎస్సై వేషం కట్టి ఒక్కొక్కరినీ అడుగుతుంటే, ఒక్కొక్కరూ ఓడిపోతున్నారు. సక్రి ముసలమ్మ మూతి బిగించుకుని కూర్చుంది. "అవ్వా, మొక్కలు ఎవరు పీకిన్రే?" అంటే పలకలేదు. అందరూ శభాష్ అన్నారు. "సరే గానీ అవ్వా, అన్నం తిన్నవా?" అన్నాడు. "ఆఁ, ఇప్పుడే తిన్న బిడ్డా, అంబలి," అంది. కల్లమంతా పగలబడి నవ్వింది. ఎన్నాళ్ల తర్వాతో కన్నమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

మరునాడు పట్టపగలు గుంపంతా నడిచి క్యాంపు గేటు ఎదుట కూర్చుంది. నిన్నటిదాకా కన్నమ్మ ఒక్కతే కూర్చున్న చోటు. ఎస్సై బయటికి వచ్చాడు.

"ఎవడు మీ లీడర్?"

పలుకు లేదు.

"ఎవడు తీసుకొచ్చిండు మిమ్మల్ని?"

పలుకు లేదు. అప్పుడు ముందు వరసలో ఒకామె లేచి, "బొజ్జయ్య ఏడున్నడు?" అని అడిగి కూర్చుంది. పక్కనామె లేచింది. "ఎందుకు పట్టుకున్నరు?" కూర్చుంది. ఆ పక్కన ఇంకొకరు. ఒకరి తర్వాత ఒకరు, గుంపంతా అదే అడిగారు. తిట్టలేదు, రాయి విసరలేదు. రోడ్డు మీద పోయే బస్సులు ఆగాయి. దుర్గ కొట్టు దగ్గర జనం ఫోన్లు తీశారు. ఎస్సై ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. లాఠీ కంటే ఆ ప్రశ్నే ఎక్కువ నొప్పి పెట్టినట్టుంది. అదే సమయానికి అక్కడ భద్రాచలం కోర్టులో, పట్టుకుపోయిన మనిషిని చూపించమని కళావతి అర్జీ పడింది.

దెబ్బకు లేని మనిషి ఉన్నాడు. మర్నాడు బొజ్జయ్యను భద్రాచలం కోర్టుకు తెచ్చారు. నిన్న సాయంత్రమే రోడ్డు మీద అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నామని కాయితంలో రాసుకొచ్చారు. అబద్ధానికి కూడా సర్కారు ముద్ర చక్కగా పడుతుంది.

కోర్టు హాలు గుంపుతో నిండిపోయింది. బొజ్జయ్యను తీసుకొచ్చారు. ఒక కాలు ఈడుస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. కన్నమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

జడ్జి నెమ్మదస్తుడే. "ఎవరైనా కొట్టారా? ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగాడు. ఆ తెలుగు బొజ్జయ్యకు సగం అర్థమైంది. హాలంతా చూశాడు. తన గుంపంతా కనిపించింది. ఆ ముఖంలో వెలుగు కన్నమ్మ చూసింది. ఏం చేయబోతున్నాడో ఆమెకు తెలుసు.

బొజ్జయ్య వంగి, కోర్టు బండల మీద చెయ్యి ఆనించి, కోయలో అన్నాడు. "అమ్మా, నీకు తగిలిన దెబ్బ నాది. పిల్లల మీద కోపం పెట్టుకోకు."

అని, జవాబు కోసం తిరిగి చూశాడు.

"ఏమంటున్నాడు?" జడ్జి అడిగాడు. "ఈ భాష ఎవరికైనా వచ్చా?"

హాలు నిండా ఆ భాషే పుట్టిన నోళ్లు. ఒక్కటీ తెరుచుకోలేదు. దస్రు పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చేదాకా. సక్రి ముసలమ్మ కళ్లు మూసుకుంది. బొజ్జయ్య చూపు ఒక్కొక్కరి మీదుగా జరుగుతూ, చివరికి కన్నమ్మ దగ్గర ఆగింది. నువ్వు కూడానా అన్నట్టు చూశాడు. ఆమె తలదించుకుంది. తన మొగుడు పిలుస్తుంటే పలకని ఆడదాని బాధ ఆ హాల్లో ఎవరికి చెప్పుకుంటుంది?

"అయ్యా," కళావతి లేచింది, "ముద్దాయి ఏం చెబుతున్నాడో కోర్టుకు తెలియదు, కోర్టు ఏం అడుగుతుందో ముద్దాయికి తెలియదు. అర్థం కాని మాటను ఒప్పుకోలుగా తీసుకోవద్దని మనవి. కోయ మాట తెలిసిన మనిషిని పిలిపించండి. కాలు దెబ్బలు డాక్టరుకు చూపించండి."

జడ్జి సరేనన్నాడు. దెబ్బలు రాయించాడు. తర్జుమా చేసే మనిషిని రప్పించమన్నాడు. అప్పటిదాకా జైలు.

బయట వ్యాను దగ్గర కన్నమ్మ మెల్లగా జరిగి చేరువైంది. "ఓయ్, ఇటు చూడు. ఎందుకు పలకలేదంటే..."

బొజ్జయ్య ముఖం తిప్పుకున్నాడు. "మీ గుంపుకు వేరే వడ్డెను చూసుకోండ్రి," అన్నాడు. నా గుంపు అనలేదు, మీ గుంపు అన్నాడు. వ్యాను తలుపు పడింది.

జైలుకు ములాఖత్‌కు పోతే, ఆయన రానన్నాడని చెప్పి పంపేశారు. కన్నమ్మ మళ్లీ ఒంటరిదైంది. ఇప్పుడు గుంపు దగ్గరికి వస్తోంది, నిప్పుకు వస్తోంది, తోడు పిలుస్తోంది. అయినా ఈసారి ఒంటరితనం ఇంకా లోతు. మొదటిసారి లోకం వదిలేసింది, ఈసారి ఆయనే వదిలేశాడు. పక్క మీద చెయ్యి పెట్టి, ఆ దగ్గును తలుచుకుంటూ పడుకునేది. వచ్చే వాయిదాకు తర్జుమా చేయడానికి కోయ తెలిసిన బడిపంతులు వస్తాడు. బొజ్జయ్య మళ్లీ నాదే అంటాడు. ఈసారి అది రాసుకుంటారు. ఆ మాట ఆయన నోట్లోంచి రాకుండా ఆపడానికి దారే లేదు. వకీలమ్మ చెబితే వినడు, కన్నమ్మ చెబుదామంటే ముఖమే చూపించడు.

తొలకరి పడింది. మట్టి వాసన వచ్చింది. భూమి పండగ చేయాలి. వడ్డె లేడు.

"కొత్త వడ్డెను పెట్టుకుందామా?" అని ఎవరో అన్నారు.

"నోర్ముయ్," అంది సక్రి ముసలమ్మ. "వడ్డె ఉన్నడు. జైల్ల ఉన్నడు."

"మరి మొదటి దెబ్బ ఎవరేస్తరు? వేసినోణ్ణే పట్టుకపోతరు."

కన్నమ్మ పొడుగాటి కామ ఉన్న గుద్దలి తెచ్చి ఏటవాలు మీద నిలబెట్టింది. "అందరం పట్టుకుందం. మొదలు ఎవరిదో మనకే తెల్వకుండ."

పట్టుకున్నారు. చెయ్యి మీద చెయ్యి, చెయ్యి కింద చెయ్యి. అందనివాళ్లు ముందువాళ్ల భుజాలు పట్టుకున్నారు. గుద్దలి లేచింది. తడి నేలలో దిగబడింది. ఏమన్నారో నేలకు తెలుసు.

జీపు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. రామన్న ఆ రోజు కల్లంలోనూ లేడు, చేలోనూ లేడు. జీపు వెనక ఈసారి రెండు వ్యాన్లు.

"ఎవరు మొదలు తవ్వింది?"

వాన చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అవ్వా, నువ్వు చెప్పు. ముసలిదానివి, నిన్నేమీ అనం. ఎవరు?"

సక్రి ముసలమ్మ మూతి బిగించింది.

"పోనీ, అన్నం తిన్నవా?" ఎస్సై విసుగ్గా నవ్వాడు.

దస్రు ముసలమ్మ వైపు చూశాడు. ముసలమ్మ ఎస్సైని ఎగాదిగా చూసి, "మా వకీలమ్మను అడుగు," అంది.

చుట్టూ నిలబడినవాళ్లకు నవ్వాగలేదు. ఎస్సైకి ఒళ్లు మండింది. దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించమన్నాడు. అప్పుడు కన్నమ్మ వ్యాను మెట్టు మీద కాలు పెట్టకుండా నిలబడింది.

"ఎందుకు పట్టుకున్నరో కాయితం మీద రాసియ్యి."

"రాసియ్యి," వెనక నుంచి ఒకరు. "రాసియ్యి." "రాసియ్యి." ఏటవాలంతా అదే మాట. ఆడ పోలీసులు రాకుండా ఆడవాళ్లు కదలలేదు. కాయితం చేతికి రాకుండా మగవాళ్లు కదలలేదు. చివరికి ఇచ్చారు. ఇవ్వక ఛస్తారా?

ఆలస్యం చేయలేదు ఈసారి, నేరుగా కోర్టుకు తెచ్చారు. ఆ రోజే బొజ్జయ్య వాయిదా. బోనుకు ఎడంగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కోయ పంతులు. తలుపులోంచి గుంపు లోపలికి రావడం బొజ్జయ్య చూశాడు. చూడ్డానికి వచ్చారనుకున్నాడేమో, తల తిప్పుకోబోయాడు. వాళ్ల చుట్టూ పోలీసులు కనిపించారు. కన్నమ్మ చీరకు తడి మట్టి. దస్రు చేతులకు మట్టి. ముసలమ్మ గోళ్లలో మట్టి.

గుంపును ముందు పిలిచారు. పంతులు ఒక్కొక్కరినీ కోయలో అడుగుతున్నాడు. చెప్పాలన్న బలవంతం లేదు, చెబితే రాసుకుంటారు, ఏమైనా చెప్పుకుంటారా?

"మా వకీలమ్మ చెప్తది," అన్నాడు దస్రు.

"మా వకీలమ్మ చెప్తది," అంది కన్నమ్మ.

ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ మొగుణ్ణి చెప్పలేదు, పక్కింటివాణ్ణి చెప్పలేదు, తనను తాను చెప్పుకోలేదు. బొజ్జయ్య బల్ల మీద ముందుకు వంగాడు. ఆ రోజు తన కోసం మూసుకున్న నోళ్లనే, ఇవాళ వాళ్లకోసం వాళ్లు మూసుకున్నారు. అంటే ఆ రోజు మూసుకున్నది తనను వదిలేసి కాదు, కాపాడుకోవడానికే. కన్నమ్మ చూస్తూనే ఉంది. ఆయనకు దగ్గు వచ్చింది. రెండు చిన్నవి, ఆగి, ఒక పెద్దది.

"బొజ్జయ్యా," పంతులు కోయలో పిలిచాడు, "చెప్పాలన్న బలవంతం లేదు. ఏమైనా చెప్పుకుంటావా?"

బొజ్జయ్య లేచాడు. జడ్జిని చూశాడు. పోలీసును చూశాడు. నేలను చూశాడు, బండలు పరిచిన ఆ నేలను. చెయ్యి కిందికి పోలేదు.

"మా వకీలమ్మ చెప్తది," అన్నాడు.

కన్నమ్మ గోడకు ఆనుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.

బెయిలు ఆ రోజు రాలేదు. కళావతి వాదిస్తూనే ఉంది, జడ్జి మరో తేదీ వేశాడు. బయట ఆవరణలో మగవాళ్ల వ్యాను, ఆడవాళ్ల వ్యాను ఎదురెదురుగా నిలబెట్టారు. వాన వెలిసి మట్టి మెత్తగా ఉంది. చర్ల నుంచి వచ్చిన జనం గేటు దాకా నిండి ఉన్నారు. వాళ్లలో దుర్గ కూడా ఉంది. బొజ్జయ్య వ్యాను ఎక్కబోతూ మెట్టు దగ్గర ఆగాడు. వంగాడు. ఈసారి బండ కాదు, మట్టి. అరచెయ్యి మొత్తం ఆనించి, కోయలో అన్నాడు.

"అమ్మా, నీకు తగిలిన దెబ్బ నాది. పిల్లల మీద కోపం పెట్టుకోకు."

అని తలెత్తి ఆడవాళ్ల వ్యాను వైపు చూశాడు.

"మాది కూడా!"

జాలీ కిటికీలోంచి కన్నమ్మ గొంతు ముందు లేచింది. ఆ వెంటనే వ్యానంతా. ఎదుటి వ్యానంతా. గేటు దగ్గర గుంపులో మిగిలినవాళ్లంతా. ఆవరణ దద్దరిల్లింది. చెట్టు కింద టైపు కొట్టేవాళ్లు చేతులాపి చూశారు.

ఎస్కార్టు పోలీసు కంగారుపడ్డాడు. "ఏందది? ఏమన్నరు? ఏయ్, ఏమన్నర్రా?"

పంతులు అప్పటికే బస్సుకు వెళ్లిపోయాడు. పోలీసు దస్రును అడిగాడు. సక్రి ముసలమ్మను అడిగాడు. బొజ్జయ్యను భుజం పట్టుకుని ఊపి అడిగాడు.

ఎవరూ చెప్పలేదు.